కొలత రేకు

కరీంనగర్ కలెక్టరాఫీసుల మీటింగు హాలు.
ఏసీ పెట్టి కిటికీలు మూసిండ్రు.
నా చేతుల తంబాకు వాసన నాకే కొడుతున్నది.

ముందల బల్ల కాడ జడ్జి సారు,
పక్కన టైపు చేసే పోరడు,
మా ఒడిల తలా నాలుగు కాయితాలు.
పైన పెద్దక్షరాలల్ల: విచారణ పరిధి.
పరిధి అంటే ఏందని
బోధన్ షమీమ్ బీ నా చెవుల అడిగింది.
గీత, అన్న.
ఎవలు గీస్తరు?
గదే చెప్పుమని పిలిచిండ్రట మనల.

గీత సంగతి నాకు తెలువదా.
పన్నెండేండ్ల పిల్లప్పటి సంది
తునికాకు మీద రేకు పెడ్త, కత్తెర తిప్పుత.
రేకు కిందిది బీడీ అయితది,
అవతలిది చీపురు పాలు.
అవతలిది సుత ఆకే.
ఒక్క చెట్టుదే, ఒక్క ఎండకు ఎండిందే.

సారు మెల్లగ చదివిండు. మంచిగనే చదివిండు.
సర్కారు దవాఖానలల్ల ఇచ్చిన రక్తం మందులు.
ఫలానా ఏడు ఏప్రిల్ ఒకటి సంది.
ఆ మందు ఎక్కించుకున్నోళ్లు.

మా తమ్ముడు లింబాద్రికి మొదటి సీసా
ఆ ఏడు ఫిబ్రవరిల.
పన్ను పీకించుకుంటే మూడొద్దులు నెత్తురు ఆగలే,
తువ్వాల మీద తువ్వాల.
దవాఖానల మందు లేదన్నరు, చిట్టీ రాసిచ్చిండ్రు.
ఎదురుంగ దుకాణంల కొన్నం,
అమ్మ ముక్కుపుల్ల, నా రెండు నెలల కూలి.
ఐసుగడ్డల డబ్బల చిన్న సీసా,
అడుగున తెల్లటి పొడి, ముగ్గుపిండి లెక్క.
నెత్తురు ఆగింది.
అమ్మ పోయి దుకాణపాయనకు దండం పెట్టొచ్చింది.
ఆ దండం ఏ ఖాతాల రాస్తరు, సారూ?

వాడు కోరుట్లల గడియారాలు బాగుచేసెటోడు.
చిన్న వస్తువు ఏదీ పారెయ్యడు.
సీసాల మీది చీటీలు నీళ్లల నానబెట్టి తీసి
నా బీడీల పాసుబుక్కుల అతికిచ్చెటోడు,
మేస్త్రి రాసిన లెక్కల పక్కపొంటి.
పద్దెనిమిది చీటీలు, నంబర్లతోని.
ఎందుకురా అంటే
ఉండనీ అక్కా, అన్నడు.

మూడేండ్లకు కండ్లు పచ్చగైనయి.
కామెర్లని పసరు పోయించినం.
తర్వాత ఇంకో పరీక్ష.
ఆ రోగం పేరు డాక్టరు మెల్లగన్నడు,
కంపౌండరు గట్టిగన్నడు.
అప్పటికే పెండ్లయి ఏడాది.
లసుమ ఒక్క సూది సుత పొడిపిచ్చుకోలే.
అయినా ఆమెకు వచ్చింది.

మైకు నా దాకా వచ్చింది.
రెండు నెలలు ఎన్కకు జరుపుండ్రి, అన్న.
దుకాణం పేరు సుత రాయుండ్రి, అన్న.
పక్కనున్న ఆఫీసరు నవ్వలేదు, కసురుకోలేదు,
"ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదమ్మా" అన్నడు.
నిజమే.
రేకు లేకుంటే బీడీ లేదు. రేకు వద్దంటలేను.
జరంత పెద్ద రేకు అడుగుతున్న.

ఉట్నూరు సంది వచ్చిన తొడసం మారుతి
ఎన్క వరుసల లేచి నిలబడ్డడు.
మా కొడుకు కాయితాలు దవాఖానోళ్లే కాలబెట్టిండ్రు,
కాలబెట్టుడు సుత ఇండ్ల ఉన్నదా, లేదా?
టైపు చేసే పోరని వేళ్లు ఆగినయి.
సారు ఆయన దిక్కు సూడకుంటనే
అది రాయి, అన్నడు.

నా పాసుబుక్కు చేతులు మారుకుంట బల్ల కాడికి పోయింది.
పోరడు పేజీ పేజీ ఫోటో తీసిండు.
వెయ్యి బీడీలకింత, కోత ఇంత, బాకీ ఇంత,
నా కూలి సుత విచారణలకు పోయింది.
సారు పెన్సిలు తీసి
ఏప్రిల్ పక్కన ఏందో రాసుకున్నడు.
నేను కూసున్న కాడికి కనిపియ్యలేదు.

బస్సు గంగాధర దాటినంక
లసుమ ఫోన్ చేసింది.
వదినా, అండ్ల నేను ఉన్ననా?
బస్సు చప్పుడుకు ఇనరానట్టు
ఆఁ, ఆఁ, అనుకుంట
ఫోను ఆ చెవు నుంచి ఈ చెవుకు మార్చిన.